ఆకు వాడినప్పుడు వేరును చూడవలెను

పసుపు చేనికి దుంపకుళ్ళు తగిలినప్పుడు మొదట ఆకుల అంచులు పాలిపోవును. అనుభవము గల రైతు ఒడ్డున నిలిచి మొక్కను నిందింపడు. వంగి, మొదట మన్ను తీసి, దుంపను చూచును. ఆర్మూరు ప్రాంతపు రైతునకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. కాని ఆ రైతే ఇల్లు చేరి, అన్నము ముట్టక మూల కూర్చున్న కుమారుని చూచి, “వీనికి చదువు మీద ధ్యాస లేదు” అని గద్దించును. చేనికి దక్కిన ఓర్పు బిడ్డకు దక్కకపోవుట విచారింపదగిన విషయము.

ఇది ఒక్క ఇంటి మాట కాదు. పదునైదు మొదలు ఇరువదితొమ్మిది ఏండ్ల వయస్సు వారి మరణ కారణములలో ఆత్మహత్య మూడవదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన దేశమున 2022వ సంవత్సరమున 13,044 మంది విద్యార్థులు ఈ విధముగా అసువులు బాసిరి. తెలంగాణమున 2019 ఏప్రిల్ నెలలో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన కొలది దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులను మనము పోగొట్టుకొంటిమి. మార్కులలో దోషములు బయల్పడగా అనుత్తీర్ణులందరి పత్రములను ప్రభుత్వము ఉచితముగా పునఃపరిశీలింపజేసెను. సున్న వేయబడిన ఒక విద్యార్థినికి నిజమునకు వచ్చినవి 99 మార్కులు. కాగితముపై అంకె మారెను గాని, పోయిన బిడ్డలు తిరిగి రాలేదు.

ఇచ్చట ఒక ధర్మప్రశ్న ఉదయించుచున్నది. చావవలెనను తలంపు కలిగినవాడు పాపియా? పిరికివాడా? లోకము తొందరపడి అట్లే తీర్పు చెప్పును. మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు అట్లు చెప్పరు. అమెరికా దేశపు పండితుడు ఎడ్విన్ ష్నైడ్‌మన్ జీవితకాలము ఈ విషయమును పరిశోధించి, అట్టివాడు కోరునది మరణము కాదనియు, భరింపరాని మనోవ్యథ నుండి విముక్తి మాత్రమే యనియు తేల్చెను. థామస్ జాయినర్ 2005లో ప్రకటించిన గ్రంథమున, “నేను నావారికి భారము”, “నాకెవ్వరును లేరు” అను రెండు భావములు కలిసినచోట ఈ కోరిక మొలకెత్తునని వివరించెను. కనుక పరీక్ష యొక్కటే కారణమనుట సరికాదు. మనోవ్యాధి, ఇంటి కలహము, అప్పుల దిగులు, ఏకాకితనము ఒకదానితో నొకటి పెనగొనియుండును. తండ్రి గల్ఫు దేశమున, తల్లి చేనిలో, బిడ్డ వసతిగృహమున నున్న కుటుంబములు ఈ ప్రాంతమున అనేకములు. ఆ దూరమే కొన్ని మనస్సులకు భారమగును.

బసవేశ్వరుడు దేహమునే దేవాలయముగా బోధించెను. ఈ బోధను ఎత్తిచూపి, “దేవాలయమును చెరుపదలచుట మహాపాపము” అని బిడ్డను బెదరించువారు కలరు. దేవాలయమునకు నిప్పంటుకొన్నవేళ లోపల చిక్కిన పూజారిని తిట్టుదుమా, నీళ్ళు మోసికొని పరుగెత్తుదుమా? శరణ బోధ బిడ్డను శపించుటకు కాదు. ఆ ఆలయమును కాపాడు భారము మనందరి మీద నుంచుటకు. చట్టము సైతము ఈ మార్గమునకే వచ్చినది. ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్ర మనోవేదనకు లోనైనవానిగా భావింపవలెననియు, వానికి చికిత్స, ఆదరణ కల్పించుట ప్రభుత్వ విధియనియు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పినది.

“అడిగినచో లేని తలంపు పుట్టదా?” అని తల్లిదండ్రులు జంకుదురు. ఈ సందేహము సహజమే. న్యూయార్క్ రాష్ట్రమున రెండువేలకు పైగా ఉన్నత పాఠశాల విద్యార్థులపై జరిగిన పరిశోధన 2005లో వెలువడినది. అడిగినందువలన తలంపు పుట్టలేదు, వ్యథ పెరుగలేదు. అదివరకే కుమిలిపోవుచున్న వారికి కొంత ఊరట కలిగినట్లు కనబడెను. ఐరోపాలో పది దేశముల 168 పాఠశాలలలో పిల్లలకు తమ మనస్సును గూర్చి మాటలాడుట నేర్పగా, ఏడాదిలో ఆత్మహత్యాయత్నములు గణనీయముగా తగ్గినట్లు 2015లో తేలినది.

పండ్రెండవ శతాబ్దమున కళ్యాణ నగరపు అనుభవ మంటపమున జరిగినదేమి? చాకలి, చెప్పులు కుట్టువాడు, పడవ నడుపువాడు, స్త్రీలు కూర్చుండి తమ అంతరంగమును వాక్కున నుంచిరి, తక్కినవారు చెవియొగ్గిరి. ప్రతి గృహమున ఒక పూట అట్టి మంటపము వెలయవలదా? “నాయనా, బ్రతుకు వలదనిపించుచున్నదా?” అని తల్లి నెమ్మదిగా అడుగుటకు శాస్త్రజ్ఞానమక్కరలేదు. జవాబు విని కేకలు వేయకుండుటకు మాత్రము ధైర్యము కావలెను.

“లింగపూజ తప్పక చేసిన ఈ దిగులు రాదు” అనువారు కొందరు. పూజ మనస్సునకు బలమిచ్చును, సందేహము లేదు. అయినను జ్వరము వచ్చినప్పుడు విభూతి ధరించియే వైద్యుని కడకు పోవుదుము. మనోవైద్యుని వృత్తియు కాయకమే. ఆయన కడకు పోవుట భక్తిలోపము కాదు.

చిరుతొండనంబి కథ మనకందరకు తెలిసినదే. శివుడు పరీక్షింపగా ఆ భక్తుడు కన్నకొడుకునే అర్పించెను. శివుడు ఆ కొడుకును మరల ఇచ్చెను. కథ ముగియునది బాలుడు తిరిగివచ్చుటతోనే గాని బలితో కాదు. శివుడు బిడ్డను కోరలేదని దాని అర్థము. నేడు ర్యాంకు కొరకు, ఇరుగుపొరుగు మెప్పు కొరకు, వంశగౌరవము కొరకు బిడ్డలను అర్పించు పీఠములకు తిరిగి ఇచ్చు శక్తి లేదు. అంగడిలో పసుపు కొమ్మునకు ధర కట్టుదురు. ఆ ధర నేడొకటి, రేపొకటి. లింగము ధరించిన బిడ్డకు మార్కుల ధర కట్టుట ఏ శరణుని మతము?

కావున ఇంటి పెద్దలు ఆకును చూడవలెను. నిద్ర చెడుట, స్నేహితులను విడుచుట, ఇష్టవస్తువులను పంచిపెట్టుట, “నేను లేకున్న మీకు సుఖము” అనుట కనబడినచో ఆలస్యము చేయరాదు. బిడ్డను ఒంటరిగా విడువక, అడిగి, విని, ఆసుపత్రికి తీసికొనిపోవలెను. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో టెలి మానస్ సేవ పగలు రాత్రి ఉచితముగా లభించును, తెలుగున మాటలాడవచ్చును. ఇంటింటికి వచ్చు జంగమయ్యలు ఆశీర్వదించునప్పుడు బిడ్డ మార్కులు కాక మనస్సు ఎట్లున్నదని అడిగిన చాలును. మఠములలో దాసోహపు పంక్తి ముగిసిన పిమ్మట యువకుల మాట వినుటకు ఒక గడియ కేటాయించిన, అదియు దాసోహమే.

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట మనము మరువలేదు. కుమిలినవానికి చెవి నిచ్చుట కూడ మరువకుందుము గాక.

శరణు శరణార్థి.