తెలిసింది, తెలియనిది, నమ్మేది

అమెరికాలోని డెట్రాయిట్‌లో జెసూట్ ఫాదర్లు నడిపే హైస్కూలు ఒకటుంది. అక్కడ చదివిన ఓటిస్ బ్రాలీ అనే నల్లజాతి కుర్రాడు తర్వాత క్యాన్సర్ వైద్యుడయ్యాడు, ఎపిడెమియాలజిస్టు అయ్యాడు, 2007లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ చీఫ్ మెడికల్ ఆఫీసరు అయ్యాడు. ఇప్పుడు జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. వృత్తి జీవితమంతా తనను నడిపించిన సూత్రం ఆ ఫాదర్ల దగ్గర నేర్చుకున్నదేనని ఆయన చాలాసార్లు చెప్పారు. మనకు తెలిసింది వేరు, తెలియనిది వేరు, నమ్మేది వేరు. ఈ మూడింటినీ ఎప్పుడూ కలిపేయకూడదు.

విశ్వాసమే ఊపిరిగా బతికే మతగురువులు ఈ పాఠం చెప్పడమేమిటని కొందరికి అనిపించవచ్చు. నిజానికి ఇది వాళ్లు చెప్పాల్సిన పాఠమే. నమ్మకం విలువ తెలిసినవాళ్లే దాన్ని జ్ఞానంగా చలామణీ చేయడానికి వెనకాడతారు.

ఆ పాఠానికి గట్టి పరీక్ష ప్రోస్టేట్ క్యాన్సర్ దగ్గర ఎదురైంది. రక్తంలో పీఎస్ఏ అనే ప్రోటీన్‌ను కొలిచే పరీక్షకు అమెరికా ప్రభుత్వం 1986లో అనుమతినిచ్చింది. అప్పటికి దాని పని, క్యాన్సర్ ఉందని తేలిన రోగుల పరిస్థితిని గమనిస్తూ ఉండటం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో జబ్బును వెతకడానికి అనుమతి వచ్చింది 1994లో. కానీ డాక్టర్లు అంతవరకూ ఆగలేదు. 1992కే అమెరికాలో కొత్తగా నమోదయ్యే ప్రోస్టేట్ క్యాన్సర్ కేసులు శిఖరానికి చేరాయి. లక్షల మందికి బయాప్సీలు, ఆపరేషన్లు, రేడియేషన్. వాళ్లలో చాలామందికి మూత్రం ఆపుకోలేని బాధ, దాంపత్య జీవితం దెబ్బతిన్న బాధ మిగిలాయి. ఈ పరీక్ష ప్రాణాలు కాపాడుతుందా అన్న ప్రశ్నకు మాత్రం అప్పటికి జవాబు లేదు. కాపాడుతుందన్న నమ్మకం ఉంది, అంతే.

2012లో అచ్చయిన తన పుస్తకంలో బ్రాలీ ఒక సంభాషణను వివరించారు. ఒక ఆసుపత్రి షాపింగ్ మాల్‌లో ఉచితంగా పీఎస్ఏ పరీక్షలు చేస్తోంది. వెయ్యి మందికి పరీక్ష చేస్తే ఎంతమందికి తేడా కనిపిస్తుందో, వాళ్లలో ఎందరు బయాప్సీకి, ఎందరు ఆపరేషన్‌కు వస్తారో, ఆసుపత్రికి ఎంత రాబడి ఉంటుందో మార్కెటింగ్ ఉద్యోగి గడగడా లెక్క చెప్పాడు. చికిత్స తర్వాత ఎందరికి డైపర్లు అవసరమవుతాయో కూడా అంచనా ఉంది. మరి ఎన్ని ప్రాణాలు నిలుస్తాయని బ్రాలీ అడిగారు. అది తేల్చిన అధ్యయనమే లేదు కదా, నేనెలా చెప్పగలనని అతని జవాబు. డబ్బు విషయంలో అంత లెక్క ఉన్నచోట ప్రాణం విషయంలో నమ్మకంతో సరిపెట్టారు.

ఇక్కడ మనిషి బుద్ధిని మోసం చేసే చిక్కు ఒకటుంది. ఒకాయనకు 67వ ఏట ఎముకల నొప్పితో క్యాన్సర్ బయటపడి, 70వ ఏట చనిపోయాడనుకుందాం. జబ్బు తేలాక బతికింది మూడేళ్లు. అదే మనిషికి 60వ ఏట పీఎస్ఏ పరీక్షలో జబ్బు దొరికి, అదే 70వ ఏట చనిపోతే పదేళ్లు బతికినట్టు లెక్క. ఆయుష్షు ఒక్కరోజు కూడా పెరగలేదు. పెరిగింది రోగి అన్న ముద్రతో బతికిన కాలం. అయినా జబ్బు తేలాక అయిదేళ్లు బతికినవారి శాతం మాత్రం అద్భుతంగా పెరిగిపోతుంది. ముందుగా కనిపెడితే మంచిదన్న వాదన చాలాకాలం ఇలాంటి అంకెల మీదే నిలబడింది.

డెట్రాయిట్‌లోనే మరో సంగతి తేలింది. ఇతర కారణాలతో చనిపోయిన యువకుల ప్రోస్టేట్ గ్రంథులను పాథాలజిస్టులు పరిశీలించి 1993లో ఫలితాలు ప్రచురించారు. ముప్పైల్లో ఉన్నవారిలో 27 శాతం మందికి, నలభైల్లో ఉన్నవారిలో 34 శాతం మందికి సూక్ష్మదర్శినిలో కనిపించే చిన్నచిన్న క్యాన్సర్లు అప్పటికే ఉన్నాయి. మగవారిలో ఈ జబ్బుతో చనిపోయేవారు మాత్రం చాలా కొద్దిమంది. అంటే క్యాన్సర్ ఉన్న మనిషి, క్యాన్సర్ వల్ల కష్టపడబోయే మనిషి ఒకరు కాకపోవచ్చు. వెతికితే దొరికేదంతా శత్రువే అనుకుంటే, ఎన్నడూ కీడు చేయని దాని మీద కూడా కత్తి దూస్తాం.

2009లో రెండు పెద్ద అధ్యయనాల ఫలితాలు ఒకేసారి వచ్చాయి. దాదాపు 76,700 మందితో చేసిన అమెరికా అధ్యయనంలో పీఎస్ఏ పరీక్షల వల్ల మరణాలు తగ్గినట్టు కనిపించలేదు. అయితే పరీక్ష చేయకూడని వర్గంలోనూ చాలామంది బయట చేయించుకున్నారు కాబట్టి పోలిక చెడిపోయింది. ఏడు యూరప్ దేశాల్లో జరిగిన అధ్యయనం మాత్రం ప్రయోజనం ఉందని చూపింది. దాని 23 ఏళ్ల ఫలితాలు 2025లో వచ్చాయి. పరీక్షలకు పిలిచిన ప్రతి 456 మందికి, అదనంగా క్యాన్సర్ బయటపడిన ప్రతి 12 మందికి, ప్రోస్టేట్ క్యాన్సర్ మరణం ఒకటి తప్పింది. కాబట్టి పీఎస్ఏ పరీక్ష ఉత్త మోసం కాదు, సంజీవనీ కాదు.

అసలు తత్త్వచర్చ మొదలయ్యేది ఆ పన్నెండు మంది దగ్గరే. ప్రాణం దక్కిన ఆ ఒక్కడు ఎవరు? ఎవరికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. పన్నెండు మందీ పరీక్షే తమను బతికించిందని మనసారా నమ్ముతారు. ఆపరేషన్ తర్వాత డైపరుతో బతుకుతున్నవాడు మరీ గట్టిగా నమ్ముతాడు. ఆ బాధకు అర్థం ఉండాలి కదా. ఒక మనిషి జీవితాన్ని వెనక్కి తిప్పి, పరీక్ష లేకుండా మళ్లీ నడిపించి చూడలేం. వేలమందిని కలిపి చూస్తేనే నిజం కనిపిస్తుంది. ఒక్కరి అనుభవంలో అది కనబడదు. ఎపిడెమియాలజీ మనకిచ్చే జ్ఞానం ఇలాంటిది. అందుకే అనుభవమే గురువని నమ్మేవారికి అది మింగుడుపడదు.

ఆంగ్ల గణితవేత్త విలియం క్లిఫర్డ్ 1877లో ఒక ఓడ యజమాని ఉదాహరణ ఇచ్చాడు. తన పాత ఓడ భేషుగ్గా ఉందని అతను మనస్ఫూర్తిగా నమ్మి ప్రయాణికులను పంపుతాడు. నమ్మడం వాస్తవమే అయినా అతను దోషే అంటాడు క్లిఫర్డ్, చాలినంత ఆధారం లేకుండా నమ్మే హక్కు అతనికి లేదు కాబట్టి. దీనికి 1896లో అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ జవాబిచ్చాడు. ఆయన వైద్యపట్టా పొందినవాడు కూడా. ఆధారాలు తేల్చలేని చోట, నిర్ణయం తప్పించుకోలేని చోట, మనిషికి నమ్మి అడుగేసే హక్కు ఉందన్నాడు.

ఇద్దరి మాటా సరైనదే, చోటు మారుతుందంతే. పరీక్ష చేయించుకోవాలా వద్దా అని తేల్చుకోవాల్సిన మనిషి జేమ్స్ వైపు నిలబడవచ్చు. తండ్రి ఈ జబ్బుతోనే పోయాడు, నాకు తెలుసుకోవాలనుంది అంటే ఆ కోరికను కాదనే హక్కు ఎవరికీ లేదు. తెల్లకోటు వేసుకుని సలహా ఇచ్చేవాడు మాత్రం క్లిఫర్డ్ ముందు నిలబడాలి. మన న్యాయ దర్శనమూ ఆప్తుడి మాటను జ్ఞానానికి సాధనంగా ఒప్పుకుంది, కానీ ఆ మాట చెప్పేవాడికి విషయం నిజంగా తెలిసి ఉండాలని షరతు పెట్టింది. బ్రాలీ పోరాటమంతా ఆ షరతు కోసమే. ఎవరూ పరీక్ష చేయించుకోవద్దని ఆయన అనలేదు. లాభం ఎంత, నష్టం ఎంత, తెలియనిదేమిటో రోగికి చెప్పకుండా చేయవద్దన్నారు.

ఇలా అన్నందుకు ఆయన మాటలు పడ్డారు. అమెరికాలో నల్లజాతి పురుషులు ఈ క్యాన్సర్‌తో చనిపోయే రేటు తెల్లవారి కంటే దాదాపు రెట్టింపు. తనవాళ్లు చచ్చిపోతుంటే రుజువులు అడుగుతాడేమిటన్న కోపం సహజమే. కానీ పీఎస్ఏ మీద జరిగిన ఆ అమెరికా అధ్యయనంలో నల్లవారు నూటికి నలుగురైదుగురికి మించి లేరు. ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారి విషయంలోనే తక్కువ తెలుసు. ఒకే దశలో ఉన్న జబ్బుకు ఒకే నాణ్యత గల చికిత్స అందితే ఫలితాలూ సమానంగా ఉంటాయని, తేడాకు పెద్ద కారణం వైద్యం అందకపోవడమేనని బ్రాలీ వాదించారు. పరీక్షల శిబిరం పెట్టడం సులువు, మంచి ఆసుపత్రిని అందుబాటులోకి తేవడం కష్టం.

రుజువు అడగడం కఠినత్వం కాదనడానికి విటమిన్-ఇ కథ చాలు. అది ప్రోస్టేట్ క్యాన్సర్‌ను ఆపుతుందన్న ఆశతో 2001లో 35 వేల మందికి పైగా పురుషులతో అధ్యయనం మొదలుపెట్టారు. ప్రయోజనం లేదని 2008లో మాత్రలు ఆపేశారు. విటమిన్-ఇ ఒక్కటే తీసుకున్నవారిలో ఈ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో తేలింది. అధ్యయనమే చేయకపోయి ఉంటే, మంచి మనసున్న డాక్టర్లు ఇవాళ్టికీ ఆ మాత్రలు రాస్తూనే ఉండేవారు.

ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ డయాగ్నస్టిక్ సెంటర్ల హెల్త్ చెకప్ ప్యాకేజీల్లోనూ యాభై దాటిన మగవారికి పీఎస్ఏ కనిపిస్తోంది. కొడుకులు, కూతుళ్లు నాన్న మీద ప్రేమతో అమెరికా నుంచే బుక్ చేస్తున్నారు. మూత్రంలో రక్తం, ధార తగ్గడం, తగ్గని నడుంనొప్పి లాంటివి ఉంటే వెంటనే డాక్టరును కలవాలి. అప్పుడు చేసే పరీక్ష జబ్బు తేల్చుకోవడానికి, దానికి ఈ చర్చ వర్తించదు. ఏ బాధా లేనివారు మాత్రం రక్తం ఇవ్వకముందే డాక్టరును కూర్చోబెట్టి అడగండి: ఫలితం తేడాగా వస్తే తర్వాత ఏం చేస్తారు, వెంటనే కోయకుండా గమనిస్తూ ఉండే పద్ధతి మీ దగ్గర ఉందా, మీరు చెప్పేదాంట్లో తెలిసిందెంత, నమ్మేదెంత?