మూగజీవి సంతానము - గృహస్థుని ధర్మము

ఇంట పెంచుకొను కుక్కకు పిల్లలు పెట్టించవలెనా, లేక శస్త్రచికిత్సచే గర్భము రాకుండ చేయించవలెనా? ఈ ప్రశ్న మన తాతలకు రాలేదు. వారు కుక్కను గడప దాటి రానిచ్చెడివారు కారు. ఉదయమున వీధికుక్కకొక రొట్టె వేసి దుకాణము తలుపు తీయుటతో ఆ విషయమున వారి ధర్మము తీరెడిది. నేడట్లు కాదు. బెంగుళూరు, హోసూరు, షోలాపూరు, బరంపురము వంటి పట్టణములలో స్థిరపడిన మన కుటుంబములలో కొన్నింట పెంపుడు కుక్క ఇంటి బిడ్డ అయినది. బిడ్డ అయిన పిదప దాని మంచి చెడ్డలు మన లెక్కలోనికే వచ్చును.

బెంగుళూరులో నూలు వ్యాపారము చేయు మనవారొకరి ఇంట రెండేండ్ల ఆడకుక్క ఉన్నది. బార్డర్ కొలీ జాతి. దాని విషయమున ఆ ఇంట నాలుగు మాటలు వినవచ్చుచున్నవి. నాయనమ్మగారు, "ఆడపుట్టుక పుట్టినందుకు దానికి ఒక్క కాన్పయినా కానియ్యండిరా" అనుచున్నారు. తాతగారు, "నోరులేని దానిని కోయించుట శ్రావకునకు తగదు" అనుచున్నారు. కుమారునితో ఒక మగకుక్క యజమాని, పిల్లలను చెరిసగము పంచుకొందమని చెప్పినాడు. ఆ జాతి పిల్లలకు మంచి ధర కలదు. కోడలు, "పశువుల డాక్టరుగారు ఆపరేషన్ చేయించుమన్నారు, రేపు దానికి జబ్బు చేసిన పశ్చాత్తాపపడి లాభమేమి?" అనుచున్నది. నలుగురును దానిని ప్రేమించువారే. నలుగురి మాటలోను కొంత నిజము కలదు. మన అనేకాంతవాదము ప్రతి మాటలోని సత్యాంశమును చూడుమని నేర్పినదే కాని, నిర్ణయము చేయక కూర్చుండుమని చెప్పలేదు. కావున ఒక్కొక్క మాటను తూకము వేసి చూతము.

మొదట ఆ జీవి ఎట్టిదో తెలియవలెను. బార్డర్ కొలీ ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు కొండలలో గొఱ్ఱెల మందలను తోలుటకై తయారైన జాతి. 1893లో నార్తంబర్లండులో పుట్టిన 'ఓల్డ్ హెంప్' అను మగకుక్క ఈ జాతికి మూలపురుషుడుగ చెప్పబడుచున్నది. వీని తెలివి ప్రసిద్ధము. అమెరికాలో జాన్ పిల్లీ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 'చేజర్' అను బార్డర్ కొలీకి 1,022 బొమ్మల పేర్లు నేర్పి, ఆ ఫలితములను 2011లో ప్రకటించినాడు. మన శాస్త్రకారులు కుక్కను పంచేంద్రియ తిర్యంచముగ, మనస్సు గల సంజ్ఞి జీవిగ పరిగణింతురు. దానికి సుఖదుఃఖములే కాక భయము, ఎదురుచూపు, జ్ఞాపకము కూడ ఉండునని నేటి పరిశోధన తన దారిని తాను వచ్చి చెప్పుచున్నది. అందువలన దానికి చేయు మేలుగాని కీడుగాని చిన్నది కాదు.

ఇక తాతగారి మాట. ఇది తేలికగ త్రోసివేయదగినది కాదు. శ్వేతాంబర దిగంబరులిరువురకు ప్రమాణమైన తత్త్వార్థసూత్రమున అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి: బంధము, వధ, ఛవిచ్ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. ఛవిచ్ఛేదమనగా అవయవములను కోయుట. హేమచంద్రాచార్యులు 12వ శతాబ్దమున రచించిన యోగశాస్త్రమున, శ్రావకుడు విడువవలసిన పదునైదు వృత్తులలో నిర్లాంఛన కర్మ ఒకటి. పశువులకు ముక్కుతాడు గ్రుచ్చుట, వాతలు వేయుట, విత్తు కొట్టించుట అందులోనివే. ఆ మాటలను బట్టి తాతగారు శంకించుట న్యాయమే. ఇట్టి శంక మనకే పరిమితము కాదు. నార్వే దేశమున 2009 నాటి జంతు సంక్షేమ చట్టము, ఆరోగ్యకారణము లేనిదే జంతువు అవయవమును తొలగించరాదను సూత్రమును పెట్టి, వృషణములు, అండాశయములు తీయుటకు ప్రత్యేక కారణములు చూపుమన్నది.

అయితే ఆ పదునైదు వృత్తుల పట్టికను తాతగారొక్కరే చదివిన చాలదు. మనుమడు కూడ చదువవలెను. అందులోనే కేశవాణిజ్యమను మాట కలదు. అనగా ద్విపాద చతుష్పాద జీవులను అమ్మి లాభము తీయుట. అందులోనే అసతీపోషణము కలదు. హేమచంద్రాచార్యులు దానిని వివరించుచు, ధనము కొఱకు పెంచరాని వానిలో చిలుక, పిల్లి, కోడి మొదలగువానితోపాటు కుక్కను పేరు పెట్టి చెప్పినారు. ఎనిమిది వందల ఏండ్ల నాటి ఆ మాట నేటి ఈ బేరమునకు సూటిగ తగులుచున్నది. కుక్కను పెంచుట దోషమని ఆయన అనలేదు. ధనార్థము పెంచుట దోషమన్నారు. కావున పిల్లలను అమ్ముకొనుటకై జత కట్టించుట విషయమున శాస్త్రము సందేహమునకు చోటీయలేదు. కోత విషయమున సందేహమున్నది, అమ్మకము విషయమున లేదు. మన ఇండ్లలో పెక్కుసార్లు దీనికి తలక్రిందులుగ ఆలోచింతురు.

"అమ్మము, తెలిసినవారికి ఉచితముగ ఇత్తుము" అని కొందరందురు. ఇది కొంత మేలైన మాట. కాని కృతము, కారితము, అనుమతము అని కర్మబంధమునకు మూడు ద్వారములున్నవి. మనము చేసినది, చేయించినది, ఒప్పుకొన్నది - మూడును మన పద్దులోనివే. ఒక ఈతకు నాలుగు మొదలు ఎనిమిది పిల్లలు పుట్టవచ్చును. ఒక్కొక్కటి పండ్రెండు, పదునాలుగేండ్లు బ్రతుకవచ్చును. అవి పెక్కు మాంసాహారుల ఇండ్లకే పోవును. అక్కడ వాని కంచములోనికి అన్నేండ్లపాటు ఏమి పడునో మనకు తెలియనిది కాదు. ఇది దినమునకు పరుగు, పని, ఆట కోరు జాతి. మూడవ అంతస్తు వరండాలో గొలుసుతో కట్టివేసిన అది తన తోకను తాను తరుముకొనుచు, మొఱుగుచు, కనబడిన బండినెల్ల మందగ భావించి తోలబోవుచు చెడిపోవును. అట్టిదానిని రెండవ ఏట వీధిలో విడుచువారును కలరు. పుట్టించిన చేతికి ఆ బంధములో భాగము లేదనుట ఎట్లు?

జబ్బుల మాట కూడ కలదు. ఈ జాతిలో కంటిని చెఱచు 'కొలీ ఐ అనామలీ', రక్తమున తెల్లకణములకు సంబంధించిన 'టీ ఎన్ ఎస్' వంటి వంశపారంపర్య దోషములున్నవి. తల్లిదండ్రులిరువురు చూపులకు ఆరోగ్యముగ ఉండియు ఆ దోషబీజమును మోయవచ్చును. అట్టి జంటకు పుట్టు పిల్లలలో సగటున నాలుగింట ఒకటి రోగగ్రస్తమగును. దీనికి జన్యుపరీక్ష కలదు. పరీక్ష చేయించకయే "మా కుక్క బంగారము" అని జత కట్టించుట, నాణెము మ్రోగించి చూడకయే పెట్టెలో వేసికొనుట వంటిది. నష్టము మాత్రము మనది కాదు, ఆ పిల్లలది. ఇక 2017లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనలను బట్టి అమ్మకమునకై పిల్లలను పెట్టించువారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసికొనవలెను. 18 నెలలు నిండని ఆడకుక్కకు జత కట్టించరాదు. 8 వారములు నిండని పిల్లను అమ్మరాదు.

నాయనమ్మగారి మాటలో మాతృహృదయమున్నది. దానికి సమాధానము గౌరవముతో చెప్పవలెను. ఎదకు వచ్చుట కుక్కకు శరీరధర్మము. పిల్లలు పుట్టిన పిదప వానిని ప్రాణముగ చూచుకొనుటయు నిజమే. కాని పుట్టని పిల్లల కొఱకు అది ఎదురుచూచి కుమిలిపోవునని చెప్పుటకు ఆధారము లేదు. పుట్టిన పిల్లలను రెండు నెలలకే ఒక్కొక్కటిగ బుట్టలో పెట్టి పంపివేయు వారు "తల్లితనపు సుఖము ఇచ్చినాము" అనుకొందురు. ఇచ్చినదానిని వెంటనే తీసికొనుట ఏ దానము? అన్ని పిల్లలను తల్లితోనే ఉంచి కడవరకు సాకగల శక్తి ఉన్నవారే ఈ వాదమునకు అర్హులు.

దీని వెనుక మఱియొక ఆశ దాగియుండును. "ఇది పోయిన పిదప దీనివంటిదే ఒకటి ఇంట ఉండవలెను" అని. మనసున్న ప్రతివారికి కలుగు ఆశ ఇది. అయినను జైనుడు దానిని పరీక్షించుకొనవలెను. జీవములు వేఱు, వాని కర్మములు వేఱు. తల్లి మచ్చ పిల్లకు రావచ్చును గాని తల్లి జీవము పిల్లలోనికి రాదు. రూపమును నిలుపుకొనవలెనను తపన రాగమే. ఆ రాగమునకై నొప్పులు పడవలసినది ఆ మూగజీవి. పుట్టవలసిన జీవులకు మనము దారి మూసినవారము కామా అని ఒకరు అడుగవచ్చును. జీవము తన ఆయుకర్మమును బట్టి తగిన గతికి పోవును. ఒక ద్వారము లేనంతమాత్రమున దానికి లోటు రాదు. పుట్టిన జీవిపట్ల మనకు బాధ్యత కలదు గాని పుట్టించుటకు బాధ్యత లేదు.

ఇట్లు జత కట్టించుట తొలగినది. మిగిలినవి రెండు మార్గములు: కోయింపక కాపలా కాయుట, లేక కోయించుట. మొదటిది మన సంప్రదాయమునకు దగ్గర. ఆడకుక్క సాధారణముగ ఏటికి రెండుసారులు ఎదకు వచ్చును. ఒక్కొక్కసారి మూడు వారములుండును. ఆ దినములలో బయటకు వదలక, ఒంటరిగ త్రిప్పుచు కాపాడవచ్చును. కాని ఒక్కనాడు గేటు మూయుట మఱచిన చాలును, ఆరేడు పిల్లలు. అంతకంటె పెద్ద భయము 'పయోమెట్రా' అను గర్భకోశపు చీము జబ్బు. స్వీడన్ దేశమున భీమా లెక్కలను పరిశీలించి 2001లో ప్రకటించిన ఫలితములను బట్టి, శస్త్రచికిత్స కాని ఆడకుక్కలలో దాదాపు నాలుగవవంతుకు 10 ఏండ్లలోపు ఈ జబ్బు వచ్చినది. వచ్చినపుడు ముసలి వయస్సులో, విషజ్వరములో, అదే శస్త్రచికిత్స ప్రాణాపాయముతో చేయవలసివచ్చును. రొమ్ముగడ్డల విషయమున మాత్రము మన డాక్టర్లు చెప్పు లెక్కలు 1969 నాటి పరిశోధనవి. 2012లో జరిగిన సమీక్ష ఆ సాక్ష్యము బలహీనమని తేల్చినది.

కోతకును దోషములున్నవి. మత్తుమందు ప్రమాదము స్వల్పమైనను కలదు. కొన్నింటికి పిదప మూత్రము పట్టు తప్పును, కొన్ని లావెక్కును. ఎముకలు ఎదుగక మునుపు చేయించుట కొన్ని జాతులకు కీళ్ళజబ్బు తెచ్చును. ఐవర్మెక్టిన్ వంటి మందులు పడని జన్యుదోషము కొలీ జాతులలో కలదు. బార్డర్ కొలీలో అరుదైనను డాక్టరుగారిని ముందుగ అడుగవలెను.

హింసకు మూలము ప్రమాదయోగమని, అనగా అజాగ్రత్త, రాగద్వేషములని, తత్త్వార్థసూత్రకారుల నిర్ణయము. దొంగ కత్తియు వైద్యుని కత్తియు ఒకే ఉక్కు, చర్మము ఒకే విధముగ తెగును, భావము వేఱు. ఎద్దుకు విత్తు కొట్టించుట బండి లాగించుకొనుటకు. ఆ కోత మన లాభమునకు. మన ఆడకుక్కకు చేయించు చికిత్స దేనికి? "నేల మురికియగుచున్నది, ఆ దినములలో కాపలా కాయుట విసుగు" అను కారణమున అయినచో తాతగారి శంకయే నిజము. అది ఛవిచ్ఛేదమే. దాని ప్రాణము కాపాడుటకును, దిక్కులేని పిల్లలు పుట్టకుండుటకును అయినచో అది చికిత్స. కావున శాస్త్రమడుగు ప్రశ్న "కోయవచ్చునా?" అని కాదు, "ఎవరి కొఱకు?" అని.

ఈ ప్రశ్నతో ఆ బెంగుళూరు కుటుంబమును చూచిన, నా అభిప్రాయమిది. జత కట్టించవలదు. కుక్కకు రెండేండ్లు నిండినవి, ఎదుగుదల ముగిసినది. పగలంతయు ఇంటివారు దుకాణమున ఉందురు; కాపలా నమ్మకము లేదు. కావున మంచి డాక్టరుచే, పూర్తి మత్తులో, నొప్పి తెలియకుండుటకు మందులిచ్చి, ఒక్కసారి చేయించుట మేలు. రెండు వారములు ఎవరో ఒకరు దుకాణము మాని దాని ప్రక్కన ఉండవలెను. ఆ సెలవు ఈ చికిత్స వెలలో భాగము. దోషమేమియు లేదని చెప్పుకొనవలదు. స్వల్పదోషమని ఒప్పుకొని ఆనాటి ప్రతిక్రమణమున దానిని తలంపవలెను. సంవత్సరికి సకల జీవులను క్షమాపణ కోరు మనము, పాదముల చెంత పండుకొన్న ఆ జీవిని ఎట్లు మఱతుము? పగలంతయు ఇంట మనిషి ఉండి, ఏటా పరీక్ష చేయించుచు, జబ్బు మొదటి లక్షణమునకే పరుగెత్తగల కుటుంబము కోయింపక కాపాడిన, వారిని తప్పుపట్టరాదు.

మన సంఘమునకు ఒక విన్నపము. 1832లో బొంబాయి ప్రభుత్వము వీధికుక్కలను చంపించగా పార్సీలు ఎదురు తిరిగిరి. 1834లో జంషెడ్జీ జీజీభాయ్‌తో అమీచంద్ షా చేయి కలిపి అక్కడ పాంజరాపోలు స్థాపించిరి. మద్రాసులో 1959లో ఏర్పడిన బ్లూ క్రాస్, కుక్కలను చంపుటకు బదులు వానికి సంతాన నిరోధక చికిత్స చేయుమని ఏండ్ల తరబడి వాదించగా, 1996లో అక్కడి కార్పొరేషను ఆ మార్గమును చేపట్టినది. 2019 పశుగణనలో దేశమున వీధికుక్కలు 1 కోటి 53 లక్షలు. వాని పిల్లలలో ఎన్నో బండ్లక్రింద, ఆకలిలో, రేబిస్‌లో పోవుచున్నవి. పెంపుడు కుక్క ఈతకు ఖర్చు పెట్టదలచిన సొమ్మును, పర్యూషణమున వ్రాయించు జీవదయ ఖాతాకు చేర్చి, మన వీధిలోని పది కుక్కలకు చికిత్సయు టీకాయు చేయించిన, పుట్టి చావవలసిన ఎన్నో జీవుల దుఃఖము తప్పును. ఇంటిలో మఱియొక కుక్కపిల్ల కావలెనని పిల్లలు అడిగిన, వీధిలో ఇదివరకే పుట్టియున్న దానిని ఒకదానిని తెచ్చి చూపుడు.