ఎవరును చూడని పక్షి యెవరి కొరకు?



పువ్వులను, పక్షులను దేవుడు మన సంతోషము కొరకు చేసెనని ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పుచుందుము. అట్లు చెప్పుట తప్పు కాదు. అయితే ఒక పిల్లవాడు లేచి, మనుష్యుడు అడుగు పెట్టని అడవిలోని పిట్టను ఎవరి కొరకు చేసెనని అడిగినయెడల మనమేమి చెప్పుదుము? ఇది పిల్లల ప్రశ్నవలె కనబడును గాని, పెద్దలును దీనియొద్ద ఆగిపోయిరి. వారిలో ఒకడు ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ అను ఆంగ్లేయుడు.

ఇతడు 1854 మొదలు 1862 వరకు మలయా ద్వీపములలో తిరిగి 1,25,660 జీవులను సేకరించెను. వాటిలో పక్షులే 8,050. ధనవంతుడు కాడు. సేకరించినవాటిలో కొన్నిటిని లండనులో అమ్మించి ఆ సొమ్ముతోనే జీవించెను. 1857లో అతడు న్యూగినీకి సమీపమున నున్న అరూ దీవులకు వెళ్లెను. అక్కడి అడవి పగటివేళ కూడ మసక చీకటిగా నుండును. ఒకనాడు అతని పనివాడు ఒక చిన్న పక్షిని తెచ్చి యిచ్చెను. అది గోరువంకకంటె చిన్నది. వీపు నిగనిగలాడు ఎరుపు, పొట్ట తెలుపు, కాళ్లు నీలము. తోకనుండి రెండు సన్నని తీగలు బయలుదేరి కొనలయందు పచ్చని బిళ్లలుగా చుట్టుకొని యుండెను. అక్కడి మలయా భాషలో దాని పేరు బురుంగ్ రాజా, అనగా రాజపక్షి. (రాజా అను మాట మన దేశమునుండియే అంత దూరము పోయినది.) వాలెస్ ఆనందము పట్టలేకపోగా ఊరివారు అతని చూచి నవ్విరి. మనము ఊరపిచ్చుకను చూచునట్లే వారు దానిని చూచుచుండిరి.

ఈ కుటుంబపు పక్షులకు పరదైసు పక్షులని పేరు. 1522లో మాగెల్లాను నావలలో భూమిని చుట్టి స్పెయినునకు తిరిగి చేరిన ఒకే ఒక నావలో, బచన్ దీవి రాజు కానుకగా పంపిన తోళ్లు కొన్ని వచ్చెను. పిమ్మట వర్తకులు మరెన్నో తెచ్చిరి. ఆ దీవుల వేటగాండ్రు తోలును పొగబెట్టి ఆరబెట్టునప్పుడు కాళ్లను, రెక్కలను కోసివేయుట వాడుక. కొనినవారికి ఈ సంగతి తెలియదు. కాళ్లు లేవు గనుక ఈ పక్షి ఎన్నడును నేలమీద వ్రాలదనియు, మంచును త్రాగి ఆకాశమందే బ్రదుకుననియు, చచ్చినప్పుడు మాత్రమే క్రింద పడుననియు కథ పుట్టెను. చదువుకొనినవారును నమ్మిరి. 1758లో లిన్నేయస్ పండితుడు పెద్ద పరదైసు పక్షికి “పాదములు లేనిది” అను అర్థమిచ్చు లాటిను పేరు పెట్టెను. కథ పోయినను ఆ పేరు పోలేదు. ఐరోపాలో ఆ తోళ్లను పెట్టెలలో దాచుకొనిన ప్రభువులకంటె అరూ అడవిలో చెట్టుక్రింద నిలిచిన కుర్రవానికి ఎక్కువ తెలియును. పక్షికి కాళ్లున్నవని అతడెరుగును గదా!

రాజపక్షిని చేతిలో పట్టుకొనిన వాలెస్‌కు కలిగిన తలంపును అతడు 1869లో అచ్చువేసిన ప్రయాణ గ్రంథములో వ్రాసియున్నాడు. తరతరములుగా ఇంత అందమైన ప్రాణులు చూచి మెచ్చువాడు లేని అడవిలో పుట్టి చచ్చుచున్నవే యని మొదట విచారపడెను. వెంటనే రెండవ విచారము కలిగెను. నాగరికుడు ఆ అడవులకు చేరినయెడల అతని రాకవలననే అక్కడి జీవులు నశించిపోవును. కాబట్టి సమస్తమును మనుష్యుని కొరకే చేయబడలేదని ఒప్పుకొనక తప్పదని తేల్చెను.

బైబిలు చదువువారికి ఈ మాట క్రొత్త కాకూడదు. యోబు గ్రంథము 38వ అధ్యాయములో దేవుడు యోబును ప్రశ్నించునప్పుడు, నరులు లేని యెడారిమీద వర్షము కురిపించువాడెవడని అడుగుచున్నాడు. మన పొలమునకు కాక, ఎవని పొలమును కాని చోట కురియు వాన అది. ఆ తరువాత అడవిగాడిద, డేగ, పక్షిరాజు వరుసగా వచ్చుచున్నవి. వాటిలో ఒక్కటియైనను యోబు కొరకు చేయబడినదని అక్కడ చెప్పబడలేదు.

అయితే ఆ పక్షిని ఎవరును చూడలేదనుట కూడ సరికాదు. ఆడపక్షి చూచుచున్నది! ఆమె ముదురు గోధుమ రంగుది, ఏ అలంకారమును లేనిది. మగవి కొమ్మలమీద ఈకలు విప్పి ఆడుచుండగా ఆమె దగ్గరకు వచ్చి పరీక్షించి, నచ్చినవానిని ఎన్నుకొనును. ఆడదాని యెన్నికవలననే తరతరములకు ఈ సొగసు పెరిగెనని డార్విను 1871లో వ్రాసెను. వింత యేమనగా, మెచ్చువారు లేరని విచారించిన వాలెస్ ఈ మాటను అంగీకరింపలేదు; పక్షికి అంతటి అభిరుచి యుండునని అతనికి తోచలేదు. ఈ విషయమున తరువాతి పరిశోధన ఎక్కువగా డార్విను పక్షముననే నిలిచినది.

వాలెస్ భయపడినట్లే జరిగెను. సీమ స్త్రీల టోపీలమీద పెట్టుటకై ఈ పక్షులను వేలకొలదిగా చంపిరి. ఈకలు ధరింపమని పట్టుపట్టిన స్త్రీలే 1889లో ఇంగ్లాండులో పక్షి సంరక్షణ సంఘమును స్థాపించిరి. ఈకల దిగుమతిని నిషేధించు చట్టము అక్కడ 1921లో వచ్చెను. టోపీ మార్చుకొనుట చిన్న సంగతియే గాని, దానిని చట్టముగా చేయుటకు ముప్పదేండ్లకు పైగా పట్టెను.

ఇప్పుడు చంపువారికంటె చూడవచ్చువారి మాట ఎక్కువగా వినబడుచున్నది. టిమ్ లేమన్, ఎడ్విన్ షోల్స్ అను ఇద్దరు 2004 మొదలు 2012 వరకు 18 పర్యాయములు వెళ్లి, అప్పటికి తెలిసిన 39 జాతుల పరదైసు పక్షులన్నిటిని ఛాయాచిత్రములు తీసిరి. తుపాకికంటె కెమెరా మేలు, సందేహము లేదు. కాని చూచుటలో హాని లేదని అంత త్వరగా అనవచ్చునా?

వైగియో అను దీవిలో విల్సను పరదైసు పక్షి యున్నది. దాని మగది అడవి నేలమీద కొంత చోటును శుభ్రముచేసి, రాలిన ప్రతి ఆకును ముక్కుతో తీసి పారవేయును. ఆ శుభ్రమైన చోటనే ఆడును. చూడవచ్చినవారు దీనిని కనిపెట్టి, కావలెనని ఆకులు అక్కడ వేయుదురు. పక్షి ఆకును తీయుటకు వచ్చును, వీరు చిత్రము తీసికొందురు. ఒక ఆకుతో ఏమి నష్టమని అడుగవచ్చు. ఒకడు ఒకసారి వేసిన ఆకు అంతే. దినదినము క్రొత్తవాడు వచ్చి వేసిన ఆకు వేరు. మరికొందరు రికార్డు చేసిన పక్షికూతను అడవిలో వినిపింతురు. తన చోటికి శత్రువు వచ్చెనని తలంచి పక్షి మేత మాని వెదకుచు పోవును. లేని శత్రువుతో పోరాడుటకు దాని యుదయము గడచిపోవును.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో గూటిని గూర్చి చిన్న ఆజ్ఞ యున్నది. త్రోవలో పక్షిగూడు కనబడినప్పుడు పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని వాటితోకూడ పట్టుకొనరాదు. ఆకలిగొన్నవానికి ఆ ఆజ్ఞ కొంత వీలు ఇచ్చి, కొంత హద్దు పెట్టుచున్నది. చూడవచ్చినవాడు ఆకలితో వచ్చినవాడు కాడు. అతనికి హద్దు మరింత దగ్గరగా నుండవలెను గాని దూరముగా నుండకూడదని నా అభిప్రాయము. వైగియోలో ఊరివారు ఆకులతో మరుగు కట్టి, తెల్లవారకముందే అతిథులను తీసికొనిపోయి కూర్చుండబెట్టి, రుసుము పుచ్చుకొనుచున్నారు. ఈ పద్ధతిలో పక్షి బ్రదికియున్నంతకాలము ఊరికి రాబడి యుండును. పక్షి కనబడలేదని రుసుము తిరిగి అడుగువాడు, తాను దేనికి సొమ్ము చెల్లించెనో తెలిసికొననివాడు.

మన దేశములో నేలపట్టునకు, కొల్లేటికి శీతకాలమున గూడబాతులను చూచుటకు పోవు యువకులకును ఈ మాట చెప్పవలసియున్నది. గుంపుగా ఎగురు చిత్రము కావలెనని చప్పట్లు కొట్టవద్దు, రాయి విసరవద్దు. తల్లి గూటినుండి లేచినంతసేపు ఈకలు మొలవని పిల్లలమీద ఎండ పడును. గ్రుడ్ల కొరకు కాకులు పక్కకొమ్మమీదనే కాచుకొని యుండును.