క్షేత్రం చెడితే మనిషి చెడినట్టేనా?

మంజీర దగ్గరి బాన్సువాడలో పుట్టి హైదరాబాదులో నరాల వైద్యుడినైన నన్ను వదలని ప్రశ్న వైద్యగ్రంథాల్లోది కాదు. ఓ తల్లి అడిగింది: "సార్, గీ మాటలు మాట్లాడేది నా బిడ్డేనా?"

ఆ బిడ్డకు నిద్ర లేదు, కన్నవాళ్లనే తిట్టడం, ఆపైన ఫిట్స్. ఊళ్లో గాలి సోకిందన్నారు. వెన్నునీటి పరీక్షలో అసలు సంగతి తేలింది. ఒంటిని కాయాల్సిన యాంటీబాడీలే మెదడులోని ఎన్‌ఎండీఏ గ్రాహకాల మీద పడ్డాయి, కావలివాడే ఇంటివాళ్ల మీద కర్ర ఎత్తినట్టు. 2007లో జోసెప్ దల్మౌ బృందం 12 మంది స్త్రీలలో ఈ జబ్బును వివరించింది. వాళ్లలో 11 మందికి అండాశయంలో గడ్డ ఉంది. గడ్డ ఉంటే తీసేసి, స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ ఇస్తే ఎక్కువమంది కోలుకుంటారు. జబ్బునాటి రోజులు మాత్రం చాలామందికి గుర్తుండవు.

మరి ఆ తిట్లు ఎవరివి?

భగవద్గీత పదమూడో అధ్యాయం బుద్ధినీ అహంకారాన్నీ కూడా శరీరమనే క్షేత్రంలోనే కలిపింది. క్షేత్రాన్ని ఎరిగినవాడు వేరన్నది. ఆ ఎరిగినవాడిని నేను ఏ స్కానింగులోనూ చూడలేదు. కానీ బుద్ధి చెదిరిన నెలల్లోనూ ఆ బిడ్డను పేరుపెట్టి పిలిచి, తల దువ్వి, అన్నం తినిపించిన తల్లిని చూశాను. మాటనుబట్టే మనిషి అయితే ఆమె ఎవరికి తినిపించినట్టు?

అందుకే నా నమ్మకం ఇది: జబ్బు పలికించిన మాటకు మనిషి బాధ్యురాలు కాదు. ఆమె పాపి అని, పిచ్చిది అని తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు. దేవుడికి మొక్కుకోండి, వైద్యం మాత్రం ఆలస్యం చెయ్యకండి. ఈ రెండింటికీ విరోధం లేదు.