చుక్కలను ఎంచు చేయి

ధ్యాన భాగము: కీర్తనలు 147:2–4



ఈ కీర్తనలో రెండు మాటలు ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. నక్షత్రములెన్నియో ఎరిగి, ప్రతిదానిని పేరుతో పిలుచువాడు దేవుడని నాలుగవ వచనము తెలుపుచున్నది. దానికి ముందున్న వచనమో, మనస్సు విరిగినవారి దెబ్బలను మాన్పువాడు ఆయనే యని చెప్పుచున్నది. చుక్కలను ఎంచు చేతిలోనే కట్టుగుడ్డ యున్నది. ఈ సంగతి మరచిన యెడల ఆకాశమును చూచి భయపడుదుమే గాని ఆదరణ పొందము.

కాగజ్‌నగరులో దీపముల వెలుగునకు చుక్కలు సరిగా కానరావు. రెండవ షిఫ్టు దిగి, సైకిలు మీద పల్లెకు పోవు సహోదరుడు ఊరు దాటి చీకటి దారి పట్టగానే ఆకాశము విప్పారును. చలికాలమైతే నడినెత్తిన పిల్లలకోడి కనబడును. గడియారము లేని దినములలో మన పెద్దలు దానిని చూచియే రాత్రి ఎంత గడచినదో చెప్పెడివారు. యోబు గ్రంథము 38:31లో దేవుడు యోబుతో ప్రస్తావించిన కృత్తికలు ఇవియే. ఇప్పుడు ఇంటిలోని పిల్లవాడు ఫోను పైకెత్తి పట్టగా అదియే చుక్క పేరు చెప్పును. నిదానముగా కదలిపోవు వెలుగు చుక్క కాదనియు, సుమారు 90 నిమిషములకొకసారి భూమిని చుట్టివచ్చు అంతరిక్ష కేంద్రమనియు చెప్పును. మంచిదే. జ్ఞానమిచ్చువాడు ప్రభువే గదా.

పనిచోటను అట్లే క్రొత్త యంత్రములు వచ్చినవి. ఒకప్పుడు చెవితో విని, చేతితో తాకి తెలిసికొన్న సంగతులను ఇప్పుడు కంప్యూటరు తెర మీది అంకెలు చెప్పుచున్నవి. హాజరు సైతము వ్రేలిముద్ర చూచి యంత్రమే వేయును. మనుష్యుని చేతులను ప్రమాదము నుండి తప్పించు యంత్రమును బట్టి దేవుని స్తుతింపవలసినదే. అయినను ముప్పది ఏండ్లు పనిచేసిన పెద్దమనిషి ఆ తెర ముందు నిలిచి, "ఇక నాతో పనియేమి?" అని లోలోపల అనుకొనును. ఆ మాట ఇంటిలో చెప్పడు, సంఘములోను చెప్పడు. యంత్రమునకు అతని వ్రేలిముద్ర తెలియును; ఆ వ్రేలు ఎందుకు వణకుచున్నదో తెలియదు. అది ఎరిగినవాడు ఒక్కడే.

ఇది మన ప్రాంతమునకు క్రొత్త పాఠము కాదు. 1938లో ఏర్పడిన సిర్పూర్ కాగితపు మిల్లును బట్టియే కొత్తపేట అను ఊరు కాగజ్‌నగరాయెను. ఆ మిల్లు 2014లో ఆగిపోయెను. 2018లో మరల తెరువబడెను. నడుమ గడచిన ఆ నాలుగేండ్లలో ఎన్ని పొయ్యిలు సరిగా వెలుగలేదో, పని వెదకుచు ఎందరు ఊరు విడిచిరో మీకు తెలియును. చెదరిపోయిన ఇశ్రాయేలీయులను ప్రభువు కూర్చునని రెండవ వచనము చెప్పుచున్నది. మొదట చెదరినవారు, తరువాత గాయపడినవారు, ఆ తరువాతనే నక్షత్రములు. కీర్తనకారుడు పెట్టిన వరుస ఇది.

మరియొక సంగతి. 2022 ఏప్రిల్ 2, ఉగాది నాటి రాత్రి, మహారాష్ట్ర ఆకాశములో నిప్పుగీతలు సాగిపోగా చూచినవారు వెరగుపడిరి. మన పొరుగున చంద్రపూర్ జిల్లా సిందేవాహి తాలూకాలో పెద్ద లోహపు చక్రమొకటి పడెను. అవి రాలిన చుక్కలు కావు. చైనా దేశపు రాకెట్టు శకలములని నిపుణులు చెప్పిరి. మనుష్యుడు పైకి పంపినది పని తీరిన తరువాత ఇట్లు పడిపోవుట కలదు. దేవుడు మనుష్యులను అట్లు విడువడు. ఆయన పిలుచు నక్షత్రములలో ఒకటియు తప్పిపోదని యెషయా 40:26 బోధించుచున్నది. అట్లయిన, పని తీరినదని లోకము ప్రక్కకు నెట్టినవానిని ఆయన లెక్కలోనుండి తీసివేయునా?

కావున ప్రియులారా, మనము చేయవలసినది చిన్న పనియే. యౌవనస్థుడా, తెర చదువుట నీకు వచ్చిన యెడల నీ ప్రక్కనున్న పెద్దాయనకు విసుగుకొనక నేర్పుము. ఆయన చెవికి తెలిసిన పనిని నీవు అడిగి నేర్చుకొనుము. పెద్దలారా, చిన్నవానిని అడుగుట సిగ్గని తలంచకుడి. షిఫ్టు వలన ఆదివారపు ఆరాధనకు రాలేనివానిని సోమవారమందు పలుకరించుడి. పని పోయినవాని గడప తొక్కుటకు అతడు పిలుచువరకు ఆగకుడి. బేత్లెహేము పొలములో గొఱ్ఱెలకాపరులు రాత్రి కావలి కాయుచుండగానే శుభవార్త వారియొద్దకు వచ్చెను. ప్రభువు పనిచోటనే, ఆ రాత్రివేళనే మనుష్యుని దర్శించును. మన నోట ఒక మంచి మాట పెట్టి మనలను పంపుటయు ఆయనకు తెలియును.

ప్రార్థన: ప్రభువా, నక్షత్రముల పేరులెరిగిన నీవు మా పేరులును ఎరుగుదువు. రాత్రివేళ పనిచేయువారిని కాపాడుము. పని లేనివారిని ఆదరించుము. నీ కట్టుగుడ్డ పట్టుకొను చేతులుగా మమ్మును వాడుకొనుము. ఆమేన్.