పరాయి ఆరాధన, పసివారి అడుగు

ఒక విశ్వాసంలో ఉపాసనగా పుట్టిన నృత్యాన్ని, ఆ విశ్వాసంతో పరిచయమే లేని పిల్లలు నేర్చుకుని పాఠశాల వేదికమీద ఆడినప్పుడు అది ఆరాధన అవుతుందా, వట్టి అనుకరణగా మిగులుతుందా అన్న ప్రశ్న, క్రియకు జ్ఞానం తోడు కావాలా వద్దా అన్న ప్రాచీన వివాదంలోనిదే. వేదమంత్రాలకు అర్థం లేదన్న కౌత్సుని వాదాన్ని యాస్కుడు నిరుక్తంలో ప్రస్తావించి ఖండించాడు. అయితే అర్థం తెలిసి ఉండాలన్న ఆ పక్షం పసివారి విషయంలో యథాతథంగా చెల్లదు. తెలంగాణలో బతుకమ్మ చుట్టూ తల్లి పక్కన వంగి చప్పట్లు చరిచే బాలికకు గౌరీతత్త్వం ఎవరూ ముందుగా బోధించరు, అయినా పూలూ పాటా పెద్దల భక్తీ చుట్టూ ఉన్నందువల్ల అర్థం ఆమెకు క్రమంగా అందుతుంది.

ఆ పరిసరమే లేని చోట చిక్కు మొదలవుతుంది. 1273లో మరణించిన జలాలుద్దీన్ రూమీ అనుయాయులైన మెవ్లెవీ సూఫీలు 'సెమా'ను, అనగా దైవస్మరణతో చేసే పరిభ్రమణాన్ని, కఠిన సాధనగా నేర్చేవారు: ఉప్పు చల్లిన చెక్కపలకకు బిగించిన మేకును ఎడమ కాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఇరికించుకుని, పాదం అక్కడినుంచి జరగకుండా తిరిగేవారు. వారి పొడవాటి టోపీ అహంకారానికి సమాధిరాయి, తెల్లని అంగీ దానికి కఫన్, అనగా శవవస్త్రం. 1925లో తుర్కియే ప్రభుత్వం సూఫీ మఠాలను మూసివేయగా, 1950లలో సెమా సాంస్కృతిక ప్రదర్శనగా మాత్రమే మళ్ళీ వెలుగు చూసింది; అంటే ఉపాసన వేదికకెక్కడం పరాయివారితోనే మొదలైంది కాదు.

ఇలా పరాయి చేతికి వెళ్ళే నృత్యాల విషయంలో చట్టం కూడా కలగజేసుకుంది: న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీల 'క మతె' హాకాకు, అనగా సంప్రదాయ నృత్యానికి, కర్తగా వారి నాయకుడు తె రౌపరాహాను పేర్కొనాలని 2014లో చట్టం వచ్చింది గాని, విద్యాప్రయోజనాలకు అందులో మినహాయింపు ఉంది. చట్టం మినహాయించినంత మాత్రాన గురువు ధర్మం తీరదు. తెలియక ఆడిన బిడ్డది దోషం కాదు, ఎందుకంటే శరీరం ముందు నేర్చి బుద్ధి తరువాత గ్రహించడం బాల్యానికి సహజం. తెలిసికోకుండా నేర్పినవారిదే దోషం. తెల్లని అంగీ తొడిగే ముందు అది దేనికి సంకేతమో బిడ్డకు తగిన మాటల్లో చెప్పలేని గురువు సెమాను నేర్పరాదు. కోతపండుగలకూ పెళ్ళిసంబరాలకూ పుట్టిన జానపద నృత్యాలు లోకంలో కొల్లలుగా ఉన్నాయి, వాటిలో ఒకటి ఎంచుకోవాలి.