మానేసిన మాట

చాలా కష్టమైన పని ఒకటి ఏళ్ల తరబడి చేశారనుకోండి. చేసినట్టు ఎవరికీ తెలియలేదు. ఆ కష్టానికి విలువ ఉన్నట్టా, లేనట్టా? క్రిస్టీన్ బ్రూక్-రోజ్ ఈ ప్రశ్నని సరదాకి వేసుకోలేదు. ఎనభైకి దగ్గరపడ్డాక, 2002లో వచ్చిన 'ఇన్విజిబుల్ ఆథర్'లో, ముప్ఫై ఏళ్లకు పైగా తను చేస్తూ వచ్చిన పనిని ఎవరూ గమనించలేదని మొహమాటం లేకుండా రాసింది.

ఆవిడ 1923లో జెనీవాలో పుట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్క్‌లో, శత్రువుల సందేశాలు చదివి అంచనా వేసే ఉద్యోగం చేసింది. దశాబ్దాలపాటు బయట చెప్పుకోవడానికి వీల్లేని పని అది. 1968లో ఆవిడ పారిస్ వెళ్లి వాన్సెన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. అదే ఏడు రెండు పుస్తకాలొచ్చాయి. ఒకటి, ఫ్రెంచి రచయిత అలెన్ రాబ్-గ్రియే నవలకి ఆవిడ చేసిన ఇంగ్లీషు అనువాదం, 'ఇన్ ది లాబ్రింత్'. మరుసటి ఏడు దానికి ఆర్ట్స్ కౌన్సిల్ అనువాద బహుమతి వచ్చింది. రెండోది సొంత నవల, 'బిట్వీన్'.

'బిట్వీన్'లో కథానాయిక సభల్లో అప్పటికప్పుడు అనువదించి చెప్పే దుబాసీ. విమానం, హోటల్ గది, సభ, మళ్లీ విమానం. ఎవరి మాటలో ఇంకో భాషలో చెప్పడమే బతుకు. 'నేను ఫలానా' అని నిలబడి చెప్పుకునే చోటే దొరకదు. అందుకే బ్రూక్-రోజ్ ఆ నవలలో 'టు బి' అన్న క్రియని వాడలేదు. ఇజ్, వజ్, ఆర్, ఏ రూపంలోనూ లేదు. ఇంగ్లీషులో అది నీళ్లు లేకుండా వంట చేయడం లాంటిది. విమర్శకులు మాత్రం ఆ సంగతి పట్టుకోలేదు.

మనకి ఇలాంటి నియమాలు కొత్త కాదు. పెదవులు తగలని అక్షరాలతో నిరోష్ఠ్య కావ్యాలు రాశారు. సంస్కృతం ముట్టుకోకుండా అచ్చతెలుగు కావ్యాలు రాశారు. అయితే ఏం మానేశారో అక్కడ పేరులోనే తెలిసిపోతుంది. అవధానంలో నిషిద్ధాక్షరి అయితే పృచ్ఛకుడు ఎదురుగా కూచుని అక్షరం అక్షరానికీ అడ్డుపడతాడు. సభ లెక్క చూసుకుని శభాష్ అంటుంది. బ్రూక్-రోజ్‌కి ఆ సభ లేదు.

ముందే చెప్పి ఉండొచ్చు కదా అంటారా? చెబితే పాఠకుడు కథ వదిలేసి ఎక్కడైనా ఒక 'ఇజ్' జారిపడిందా అని వెతుకుతాడు. చెప్పకపోతే అతనికి అందేది ఒక అస్థిమితం. వాక్యం ఎక్కడా కుదురుగా కూచోదు, ఆ దుబాసీ లాగే. ఆ ఇబ్బంది పాఠకుడిని చేరితే పని జరిగినట్టే. పని చేసిన మనిషికి పేరు రాలేదన్నది వేరే బాకీ. ఈ రెండింటినీ కలిపేసి, ఫలితం ఆశించకుండా చేసుకుపొమ్మని నీతి చెప్పడం ఫలితం అనుభవించేవాళ్లకి మహా సులువు. ఆవిడ ఫిర్యాదుని అహంకారమని కొట్టిపారెయ్యలేను.

అనువాదకుడి దగ్గర ఈ ప్రశ్న ఇంకా చిక్కుపడుతుంది. 'బిట్వీన్'ని తెలుగులోకి తెస్తున్నామనుకోండి. 'ఆమె దుబాసీ' అంటాం. అందులో క్రియే లేదు! ఆవిడ చెమటోడ్చి మానేసింది మన వ్యాకరణం ఊరికే ఇచ్చేస్తుంది. మాటకి మాట సరిపోతుంది, కష్టం మాత్రం ఆవిరైపోతుంది. మరి నమ్మకంగా అనువదించడమంటే ఏంటి?

తెలుగుకి నొప్పెట్టే మాట ఇంకోటుంది: 'ఉండు'. 1998లో వచ్చిన 'నెక్స్ట్' నవలలో ఆవిడ లండన్‌లోని ఇల్లు లేని మనుషుల గురించి రాస్తూ 'టు హావ్' అన్న క్రియని వదిలేసింది. మనకి అసలు అలాంటి క్రియ లేదు. డబ్బు నా దగ్గర 'ఉంటుంది', పిల్లలు నాకు 'ఉంటారు'. కాపురం కూడా అంతే, 'ఎక్కడుంటున్నారు?' అనే అడుగుతాం. డబ్బున్నవాళ్లు 'ఉన్నవాళ్లు', పేదవాళ్లు 'లేనివాళ్లు'. ఆస్తి పోతే మనిషే లేనట్టు మాట్లాడే భాష మనది. ఈ రెండు నవలల్లో దేన్నైనా 'ఉండు' లేకుండా తెలుగు చేస్తే, చోటు లేకపోవడం, సొత్తు లేకపోవడం, తానే లేకపోవడం ఒకే దెబ్బకి తగులుతాయి. ఇంగ్లీషు నవలకి కూడా అందనిది అది.

అలా చేసే అనువాదకుడికి ఏళ్లు పడుతుంది. మళ్లీ ఎవరూ గమనించకపోవచ్చు. గమనించినా ఆ మెప్పు మూలరచయితకే పోతుంది. అయినా చెయ్యాలనే అంటాను, ఎందుకంటే మూలంలో ఉన్నది మాటలు మాత్రమే కాదు, మానేసిన మాట కూడా. చేసిన సంగతి ముందుమాటలో రెండు వాక్యాలు రాసుకునే హక్కూ అతనికి ఉంది. ఇక చదివేవాళ్లం చెయ్యగలిగింది చిన్నదే. అనువాదంలో వాక్యం ఎక్కడో వంకరగా తగిలితే, తెలుగు రాదు వీడికి అనేసే ముందు, ఇక్కడేదో వదులుకున్నారేమో అని ఒక్క క్షణం ఆగడం.